పక్కన పడేసిన ఆ ఏడు రీడ్‌లు

ప్రశ్న: ఏడాదిన్నరగా బి ఫ్లాట్ క్లారినెట్ నేర్చుకుంటున్నాను. పది రీడ్‌ల (క్లారినెట్ ఊదే కొసకు బిగించే, అదురుతూ పలికే పల్చటి రెల్లు బద్దల) పెట్టె కొన్న ప్రతిసారీ మొదటి రోజే పదింటినీ వరసగా ఊది చూస్తాను. మూడు చక్కగా పలుకుతాయి. మిగతా ఏడింటిలో కొన్ని మొద్దుగా ఉంటాయి, కొన్ని బుసబుసమంటాయి, వాటిని పక్కన పడేస్తాను. బాగున్న మూడూ రెండు వారాలు తిరక్కుండానే చప్పబడిపోతాయి. రీడ్‌లను ఊదే ముందు తయారు చేసుకోవాలట. రాత్రంతా నీళ్లలో నానబెట్టమని ఒకరు, నూనె పట్టించమని ఒకరు, వేలితో రుద్దమని ఒకరు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేయమని ఇంకొకరు చెప్తున్నారు. వీటిలో ఏది చేయాలి? గీకి సరిచేసుకోవడం నాలాంటివాళ్ల వల్ల అవుతుందా? ఇదంతా ఎందుకు, ప్లాస్టిక్ రీడ్‌కు మారిపోతే సరిపోదా?

జవాబు: మీరు రెండు బాధలు చెప్పారు. పెట్టెలో ఎక్కువ రీడ్‌లు పలకవు, పలికినవి ఎక్కువ రోజులు నిలవవు. ఈ రెండింటికీ కారణం ఒక్కటే. మొదటి రోజే తేలిగ్గా పలికే రీడ్ చాలాసార్లు మెత్తటి రీడ్. నాలుగు రోజులు తడిసి ఆరేసరికి అది ఇంకా మెత్తబడి, పై స్వరాల్లో శ్రుతి జారి, జీవం పోగొట్టుకుంటుంది. మొదటి రోజు కాస్త బిగుసుకుని, కొంచెం గాలి కలిసినట్టు వినిపించే రీడ్ వారం తర్వాత సరిగ్గా మీకు కావలసిన చోటికి వచ్చి నిలబడుతుంది. అంటే మీరు ప్రతి పెట్టెలోనూ త్వరగా పోయేవాటిని ఏరుకుని, నిలిచేవాటిని పడేస్తున్నారు. ఆపైన ఆ మూడింటినే రోజూ గంటల తరబడి ఊదుతున్నారు. రెండు వారాలు వచ్చాయంటే అవి మంచి రీడ్‌లే అనుకోవాలి.

కాబట్టి ఆ ఏడూ ఇంకా ఉంటే బయటికి తీయండి. టిప్ (పల్చటి కొస) చిట్లినవి, అంచు ముక్క ఊడినవి పారేయండి. మిగతావి ఉంచండి, వాటితో పని ఉంది.

మీకు వచ్చిన సలహాలన్నీ తిరిగి తిరిగి నీటి దగ్గరికే వస్తాయి. రీడ్‌లోకి నీరు ఎంత వెళ్తోంది, ఎంత త్వరగా వెళ్తోంది, ఎంత నెమ్మదిగా బయటికి వస్తోంది, ఇవి మన చేతిలో ఉంటే రీడ్ చాలావరకు మన చేతిలో ఉన్నట్టే. గీకడం, అరగదీయడం ఆ తర్వాతి మాట. చాలామంది కొత్తవాళ్లు ముందు కత్తి కొంటారు. ముందు కావలసింది ఒక గ్లాసుడు శుభ్రమైన నీళ్లు, ఒక చదునైన గాజు పలక.

రీడ్ అరుండో డోనాక్స్ అనే మొక్క కాడ నుంచి వస్తుంది. చూడటానికి వెదురులా ఉంటుంది గానీ అది పొడవుగా పెరిగే ఒక రెల్లు గడ్డి. దక్షిణ ఫ్రాన్స్‌లో మధ్యధరా సముద్రం ఒడ్డునున్న వార్ ప్రాంతం దీనికి ప్రసిద్ధి. స్పెయిన్‌లోనూ అర్జెంటీనాలోనూ పండిస్తారు. రెండేళ్లు పెరిగిన కాడలను చలికాలంలో కోసి, ఎండబెట్టి, చాలాకాలం ఆరనిచ్చాక గానీ రీడ్‌లుగా చెక్కరు. కాడను అడ్డంగా కోస్తే లోపల నిలువునా సాగే సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. వాటి చుట్టూ గట్టి నారలు, నారల మధ్య స్పాంజిలాంటి మెత్తటి కణజాలం ఉంటాయి. మొక్క బతికి ఉన్నప్పుడు ఆ గొట్టాలే నీటిని మోశాయి. ఇప్పుడూ మోస్తాయి. నమ్మకం లేకపోతే ఒక కొత్త రీడ్ తీసుకుని, చెక్కిన వాలు భాగాన్ని బాగా తడిపి, మందపాటి చివరను పెదవుల మధ్య గట్టిగా బిగించి ఊదండి. వాలు మీద సూదిమొనంత బుడగలు వరసలు వరసలుగా లేస్తాయి. ఒక్కో బుడగా ఒక్కో గొట్టం నోరు. కొన్నాళ్లు ఊదిన రీడ్‌తో ఇదే చేసి చూడండి, బుడగలు బాగా తగ్గి ఉంటాయి. లాలాజలంలోని జిగురు, మరకలు ఆ నోళ్లను మూసేస్తూ వస్తాయి.

ఇక కొలతలు చూడండి. వాండోరెన్ కంపెనీ ట్రెడిషనల్ రీడ్‌కు టిప్ మందం 0.09 మి.మీ., మందపాటి చివర 2.8 మి.మీ. అదే కంపెనీ వి12 రకానికి టిప్ 0.10, చివర 3.15. అంటే ఒకే చెక్కముక్కలో ఒక కొసకూ ఇంకో కొసకూ మందంలో ముప్పై రెట్లు తేడా. టిప్ క్షణాల్లో తడుస్తుంది, ఒళ్లంతా తడవడానికి నిమిషాలు పడుతుంది. పైగా తడిసిన రెల్లు పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. పైనున్న నిగనిగలాడే తొక్క మైనపు పూతతో నీటిని దాదాపు రానివ్వదు, కింద చదునుగా కోసిన అడుగు మాత్రం బాగా పీల్చుకుంటుంది. ఒక వైపు ఉబ్బి ఇంకో వైపు ఉబ్బకపోతే ఏమవుతుంది? ఒకవైపే తడిసిన చెక్క పలకలా వంకర పోతుంది. కొత్త రీడ్‌ను మొదటి రోజే గంటసేపు ఊదితే జీవితంలో మొదటిసారి లోపలి దాకా నానుతుంది, తర్వాత కేసులో పడేస్తే ఎలా పడితే అలా ఆరుతుంది. మర్నాడు అడుగు వంగి, మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే భాగం) మీద సరిగ్గా కూర్చోదు. అప్పుడు మనం రీడ్‌ను తిడతాం.

అందుకే మొదటి వారం తొందరపడకూడదు. ఒక పెట్టెలోంచి నాలుగైదు రీడ్‌లు తీసి, తొక్క మీద మందపాటి చివర పెన్సిల్‌తో నంబర్లు వేయండి. పెన్ను వద్దు, సిరా తడికి పాకుతుంది. మొదటి రోజు ఒక్కోదాన్ని గోరువెచ్చని శుభ్రమైన నీటిలో పూర్తిగా ముంచి, ఒకటి రెండు నిమిషాలకు తీసేయండి. నోట్లో పెట్టి తడిపితే ముందు సగమే తడుస్తుంది, వెనక సగం పొడిగా ఉండిపోతుంది. కొత్త రీడ్‌కు ఆ తేడానే హాని. తీసి తుడిచి మౌత్‌పీస్‌కు బిగించి, కింది స్థాయిలోనూ మధ్య స్థాయిలోనూ దీర్ఘ స్వరాలు మూడు నాలుగు నిమిషాలు ఊదండి. మరీ గట్టిగానూ వద్దు, మరీ మెల్లగానూ వద్దు. ఆల్టిసిమో (అన్నిటికన్నా పై స్థాయి) జోలికి పోవద్దు, నాలుకతో గట్టిగా కొట్టొద్దు. బాగున్నా సరే అక్కడితో ఆపేయండి. ఇదే అందరికీ కష్టంగా ఉండే భాగం. బాగా పలుకుతున్న రీడ్‌ను నాలుగు నిమిషాలకే తీసేయాలంటే మనసొప్పదు, అయినా తీసేయండి.

తీశాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మందపాటి చివర నుంచి టిప్ వైపు ఒకే దిశలో నెమ్మదిగా లాగి తడి తీసేయండి. అడ్డంగా తుడిస్తే టిప్ మూలలు చిట్లుతాయి. తర్వాత అడుగు వైపు పైకి ఉండేలా గాజు పలక మీద ఓ పావుగంట వదిలేసి, అప్పుడు కేసులో పెట్టండి. రెండో రోజు ఐదారు నిమిషాలు, మూడో రోజు పది, నాలుగో రోజు ఇంకొంచెం, ఇలా పెంచుకుంటూ పోండి. ప్రతిరోజూ ఒక్కో నంబరు ఎదురుగా రెండు మూడు మాటలు రాసి పెట్టుకోండి: బిగుసుగా ఉంది, ఎడమవైపు మొద్దు, పైన కీచుమంది, ఏదైతే అది. నాలుగో రోజు దాటకుండా ఏ రీడ్ గురించీ ఏ నిర్ణయమూ తీసుకోకండి. మొదటి రోజు రాసిన మాటకూ ఐదో రోజు రాసిన మాటకూ ఎంత తేడా ఉంటుందో ఒక్క పెట్టెతోనే మీకు తెలిసిపోతుంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం ఆ కాగితమే.

ఇక మీరు విన్న సలహాలు.

రాత్రంతా నానబెట్టడం వద్దు. రెల్లులో నీటిలో కరిగే చక్కెరలు సహజంగానే ఉంటాయి, రీడ్ బిగువులోనూ నాదంలోనూ వాటికి పాలుంది. ఎక్కువసేపు నానితే అవి నీళ్లలోకి దిగిపోతాయి. పైగా పీకలదాకా నీరు పట్టిన రీడ్ బరువెక్కి, మూగబోయినట్టు పలుకుతుంది. రీడ్ వంగేటంత తడి ఉంటే చాలు, నానిపోయేటంత అక్కర్లేదు.

నూనె అసలే వద్దు. క్లారినెట్ చెక్క గొట్టం లోపల నూనె పట్టించే అలవాటు కొందరికి ఉంటుంది, ఆ మాటే పాకుతూ రీడ్ దాకా వచ్చి ఉంటుంది. చెక్క గొట్టం పని వేరు, దాని మందం వేరు. రీడ్ టిప్ సెకనుకు వందలసార్లు కొట్టుకోవాలి. దానిమీద నూనె పొర పడితే బరువు పెరుగుతుంది, నీరు సమంగా ఎక్కదు, మౌత్‌పీస్‌కు అంటుకుంటుంది, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. నోట్లో పెట్టుకునే వస్తువన్న సంగతి కూడా మరిచిపోకూడదు.

వేలితో రుద్దడం మంచిదే, మితంగా చేస్తే. రెండో రోజో మూడో రోజో ఊదడం అయ్యాక, ఇంకా కొంచెం చెమ్మగా ఉన్నప్పుడు రీడ్‌ను గాజు మీద పెట్టి, శుభ్రమైన వేలితో వాలు మీద మందం వైపు నుంచి టిప్ వైపుకు ఒకే దిశలో ఓ ఇరవైసార్లు గట్టిగా తొయ్యండి. టిప్ అంచు రాకముందే వేలు లేపేయండి. లేచిన నారలు అణుగుతాయి, గొట్టాల నోళ్లు కొంత మూసుకుంటాయి, నీరు నెమ్మదిగా ఎక్కుతుంది. అడుగు వైపును తెల్ల కాగితం మీద పెట్టి అలాగే రుద్దితే నిగనిగలాడే మెరుపు వస్తుంది. దీనివల్ల చెడ్డ రీడ్ మంచిది అయిపోదు, మంచి రీడ్ మాత్రం ఇంకొన్నాళ్లు నిలకడగా ఉంటుంది. అందరూ ఒప్పుకునే పద్ధతి కాదిది. నేను మాత్రం మానలేదు.

పెరాక్సైడ్ పనికొచ్చేదే గానీ కొత్త రీడ్‌కు కాదు. అది శుభ్రం చేసే మందు. మందుల షాపులో దొరికే 3 శాతం ద్రావణమే వాడాలి, అంతకన్నా గాఢమైనవి చర్మాన్నీ నోటినీ కాలుస్తాయి. రెండు మూడు వారాలు ఊదిన రీడ్ మీద సన్నటి జిగురు పొర ఏర్పడి, రంగు మారి, పలుకు మందగిస్తుంది. అలాంటిదాన్ని చిన్న గిన్నెలో ఆ ద్రావణంలో వేస్తే బుసబుసా నురుగు వస్తుంది. లాలాజలం వదిలిన మురికిలోని ఎంజైములు పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడమే ఆ నురుగు. నురుగు తగ్గాక తీసి, మంచినీళ్లలో బాగా కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పోయిన పలుకు కొంత తిరిగి వస్తుంది. అలసిపోయిన నార మాత్రం తిరిగి రాదు, కాబట్టి ముసలి రీడ్‌ను రోజూ ముంచుతూ కూర్చోవడంలో అర్థం లేదు. జలుబు, గొంతునొప్పి వచ్చి తగ్గాక అప్పుడు వాడిన రీడ్‌లను ఇలా కడగడమో పారేయడమో తప్పనిసరి.

రెండు వారాలకే చప్పబడిపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒకే రీడ్‌ను రోజూ ఊదితే లోపలి తడి పూర్తిగా ఆరే వ్యవధి ఉండదు. సగం తడిగా మూసిపెట్టిన కేసులో బూజు కూడా పడుతుంది, నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు కనిపిస్తే ఆ రీడ్ సంగతి మరిచిపోండి. అందుకే కనీసం నాలుగు రీడ్‌లను వంతులవారీగా వాడండి. ఇవాళ ఒకటి, మూడు, రేపు రెండు, నాలుగు. ఏ ఒక్కదానిమీదా ఏకబిగిన గంట దాటొద్దు. ఇంకో లాభం ఉంది. ఒక్క రీడ్‌కే అలవాటు పడితే అది మెత్తబడుతున్న కొద్దీ మీకు తెలియకుండానే పెదవుల పట్టు మారిపోతుంది. నాలుగింటి మధ్య తిరుగుతుంటే ఆ మార్పు వెంటనే తెలుస్తుంది.

ఊదడం అయ్యాక రీడ్‌ను మౌత్‌పీస్ మీద వదిలేయకూడదు. మౌత్‌పీస్‌కు ఆనుకున్న అడుగు ఆరదు, పైభాగం ఆరుతుంది, వంకర పోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. అడుగున గాళ్లుండి గాలి ఆడే కేసు మంచిది. గాలిలో తేమ రోజుకో తీరుగా ఉండే చోట కేసులో తేమను ఒకే స్థాయిలో ఉంచే చిన్న పొట్లాలు వేసుకోవచ్చు. అవి తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. 50 నుంచి 70 శాతం మధ్య ఏ అంకె అన్నదాని కన్నా, రోజూ అదే అంకె ఉండటం ముఖ్యం. అంతకు మించి తేమ పెంచితే బూజును పిలిచినట్టే.

టిప్ అలలు అలలుగా కనిపించడం చూసి చాలామంది భయపడతారు. పొడిగా ఉన్న పల్చటి టిప్ ఒక్కసారిగా తడిసి, ఉబ్బడానికి చోటు చాలక అలా మడతలు పడుతుంది. ఇంకో రెండు నిమిషాలు నీళ్లలో ఉంచి, గాజు మీద బొటనవేలితో మెల్లగా అదిమితే సర్దుకుంటుంది. సర్దుకోకముందే ఊదితే కీచుమంటుంది, ఆ తప్పు రీడ్‌ది కాదు.

ఇప్పుడు గీకడం. మీ వల్ల అవుతుంది, కానీ గీకే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టె మీద ఉండే 2½, 3 లాంటి అంకెలు మందాన్ని చెప్పవు. ఒక రకం రీడ్‌లన్నింటినీ ఒకే కొలతలో కోసి, తర్వాత ఎంత బిగుసుగా ఉందో యంత్రం మీద పరీక్షించి ఆ నంబరు వేస్తారు. కాబట్టి ఒక కంపెనీ 3, ఇంకో కంపెనీ 3 ఒకటి కావు. మౌత్‌పీస్‌ను బట్టి కూడా మారుతుంది. వాండోరెన్ 5ఆర్‌వి మౌత్‌పీస్‌కు టిప్ దగ్గర తెరుపు 1.065 మి.మీ., బి45కు 1.195. మొదటిదానిమీద హాయిగా పలికిన రీడ్ రెండోదానిమీద గోడలా అడ్డు నిలవచ్చు. పెట్టెలో పదికి పదీ బిగుసుగా ఉంటే గీకడం మొదలుపెట్టకండి, అర నంబరు తగ్గించి కొనండి.

తర్వాత రీడ్ కూర్చున్న తీరు. రీడ్ అంచు మౌత్‌పీస్ అంచుతో సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి పైకి జరిపితే బిగువు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. పక్కకు ఒరిగితే ఎంత మంచి రీడైనా అరుస్తుంది. లిగేచర్ (రీడ్‌ను మౌత్‌పీస్‌కు పట్టి ఉంచే పట్టీ) కింది మర బిగుసుగా, పై మర రీడ్ కదలకుండా ఉండేంత వరకే చాలు. ఇంత చేశాక మౌత్‌పీస్ కింది రంధ్రాన్ని అరచేత్తో మూసి, ఊదే చివర నుంచి గాలి లోపలికి లాగి నోరు తీసేయండి. రీడ్ ఒక క్షణం అతుక్కుని ఉండి టప్‌మని విడివడాలి. వెంటనే వదిలేస్తే ఎక్కడో గాలి పోతోంది. రీడ్ సరిగ్గా తడవకపోయి ఉండొచ్చు, అడుగు వంకర పోయి ఉండొచ్చు. ఒకే మౌత్‌పీస్ మీద ఏ రీడూ నిలవకపోతే మౌత్‌పీస్‌నే అనుమానించాలి.

అడుగు వంకరను సరిచేయడం గీకడం కన్నా తేలిక, చాలాసార్లు అదొక్కటే చాలు కూడా. రీడ్ నాలుగైదు రోజులు ఊదిన తర్వాతే చేయండి, అంతకుముందు చేస్తే మళ్లీ వంగుతుంది. గాజు పలక మీద 600 నంబరు వాటర్ పేపర్ (అరగదీసే గరుకు కాగితం) పరిచి, రీడ్ ఆరి ఉన్నప్పుడు అడుగు వైపు దానిమీద పెట్టండి. టిప్ మాత్రం కాగితం దాటి బయట గాజు మీద ఉండాలి, అక్కడ ఒక్క రాపిడి కూడా తగలకూడదు. తొక్క మధ్యలో రెండు వేళ్లతో సమంగా అదిమి, పొడవునా నాలుగైదుసార్లు లాగి తిప్పి చూడండి. కాగితం తగిలిన చోట రంగు తేలిగ్గా మారుతుంది, తగలని పల్లం పాతగానే ఉంటుంది. రెండు అంచులూ రాసుకుని మధ్యలో సన్నగా పల్లం మిగిలితే పరవాలేదు, సరిగ్గానే కూర్చుంటుంది. మధ్యే రాసుకుని అంచులు ఎత్తుగా తేలి ఉంటే రీడ్ ఊగుతోందన్నమాట, అంచుల దాకా రంగు మారే వరకు ఇంకో నాలుగుసార్లు లాగండి.

ఇక ఎడమ కుడుల సమతూకం. వేళ్లన్నీ ఎత్తి ఊదే జి స్వరం పట్టుకోండి. క్లారినెట్‌ను నోట్లోనే కొంచెం తిప్పి, రీడ్ ఎడమ సగం మీద పెదవి గట్టిగా ఆనేలా, కుడి సగం స్వేచ్ఛగా ఉండేలా ఊదండి. ఇప్పుడు మీకు వినిపించేది కుడివైపు. మళ్లీ రెండో వైపుకు తిప్పండి. రెండూ ఒకేలా పలికితే ఆ రీడ్‌ను ముట్టుకోకండి. ఒక వైపు మొద్దుగా, గాలి తోసినా కదలనట్టుగా ఉంటే ఆ వైపు కలప ఎక్కువగా ఉందని అర్థం. ఏ వైపో మరిచిపోకుండా వెంటనే తొక్క మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు తారుమారు చేసుకుని మంచి వైపును గీకేసేవాళ్లు చాలామంది.

గీకడానికి కత్తితో మొదలుపెట్టకండి. ఈక్విసెటం అనే మొక్క ఎండిన కాడలు రీడ్ రష్ పేరుతో దొరుకుతాయి. వాటి గరుకు చర్మంలో సిలికా ఉంటుంది, ఆకురాయి కన్నా ఎంతో మెత్తగా అరగదీస్తాయి. అది లేకపోతే 600 నంబరు వాటర్ పేపర్‌ను చిన్న పట్టీగా మడిచి వాడొచ్చు. రీడ్‌ను తుడిచి గాజు మీద పెట్టి, మొద్దుగా ఉన్న వైపున, అంచుకూ మధ్య భాగానికీ నడుమ, వాలు సగం నుంచి టిప్‌కు కాస్త ముందు వరకు మూడు నాలుగుసార్లు తేలిగ్గా రుద్దండి. ఊది చూడండి. మళ్లీ రెండుసార్లు. మళ్లీ ఊది చూడండి. మధ్యలో హార్ట్ అనే చోటును మాత్రం ముట్టకండి. రీడ్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నిలబెట్టిన వేలి ఆకారంలో నల్లగా కనిపించేది అదే. నాదానికి నిండుతనం అక్కడి నుంచే వస్తుంది, అక్కడ పోయిన కలపను ఎవరూ తెచ్చిపెట్టలేరు. తీయడం మన చేతిలో ఉంది, పెట్టడం లేదు. కొంచెం తక్కువ చేసి ఆపేసి, మర్నాడు మళ్లీ చూడటం ఎప్పుడూ మేలు. తడి మారితే రీడ్ పలుకూ మారుతుంది కాబట్టి ఒకే రోజు విన్నది సగం నిజమే.

మెత్తబడిన రీడ్‌కు టిప్ కత్తిరించే క్లిప్పర్ ఉంటుంది. అంచున వెంట్రుకవాసి తీసేస్తే కొంచెం మందమైన చోటు కొత్త టిప్ అవుతుంది, బిగువు తిరిగి వస్తుంది. అది కొద్దిరోజుల ఊరటే. పక్కన పడేసినవాటిలో బుసబుసమన్నవాటిని ఇలా కత్తిరించాలనిపిస్తుంది, ముందు వాటిని వారం రోజుల తడి ఆరే క్రమంలోంచి వెళ్లనివ్వండి. బుసబుసమనేది మెత్తటి రీడ్ కాదు, చాలాసార్లు మౌత్‌పీస్‌ను పూర్తిగా మూయలేకపోతున్న బిగుసు రీడ్.

చివరిగా ప్లాస్టిక్ రీడ్. ఇప్పటివి బాగా మెరుగయ్యాయి. కెనడాలో 1998లో మొదలైన లెజేర్ కంపెనీ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను ఒక దిశలో సాగదీసి, రెల్లు నారల బిగువుకు దగ్గరగా తెచ్చి రీడ్‌లు చేస్తోంది. వృత్తి వాద్యకారుల్లో కూడా వాడేవాళ్లున్నారు. తడపనక్కర్లేదు, వంకర పోవు, ఎంతసేపు పక్కన పెట్టి తీసినా వెంటనే పలుకుతాయి. ఆరుబయట కచేరీలకు, మధ్యలో చాలాసేపు ఆగి మళ్లీ ఊదాల్సిన చోట్లకు ఒకటి కేసులో ఉంచుకోమనే చెప్తాను. అవీ అలసిపోతాయి, వేడికి కొంచెం మెత్తబడతాయి, అరగదీసి మీ నోటికి సరిచేసుకోవడం రెల్లుతో అయినంత సులువు కాదు. ఒక్కోటి రెల్లు రీడ్‌కు ఎన్నో రెట్ల ఖరీదు. నా మాట అడిగితే, నేర్చుకునే దశలో రెల్లును వదలొద్దు. నాలుగు రకాల రీడ్‌లకు నోరు ఎలా సర్దుకుంటుందో చెవి గమనించేది ఈ దశలోనే. సింథటిక్ కొనేటప్పుడు మీ రెల్లు రీడ్ నంబరే అడిగి తెచ్చుకోకండి. అవి పావు నంబరు తేడాలతో దొరుకుతాయి, కంపెనీ ఇచ్చే పోలిక పట్టిక చూసి దగ్గరగా ఉన్న రెండింటిని ఊది చూసి ఎంచుకోండి. ఊదాక మామూలు నీళ్లతో కడిగి తుడిచిపెడితే చాలు, దానికి ఇంకే సేవా అక్కర్లేదు.